నక్క నర్సింగం రోజు పాసు

తుమ్మలబండ నుంచి నల్లగుట్టకు ఆ అడవిలో ఒకటే సర్వీసు. మాణిక్యం అనే ఏనుగు వీపు మీద గంపలు కట్టి, పొద్దున్నుంచి పొద్దుగుంకేదాకా అటూ ఇటూ తిప్పేవారు. కండక్టరు గోరింక సరోజ. పోవడానికి మూడు ఈతపండ్లు, రావడానికి మూడు. చంకపిల్లలకు టికెట్టు లేదు.

ఆ చివరి మాట పట్టుకునే నక్క నర్సింగం ఒకసారి తోడేలు ఒళ్లో ముడుచుకుని పడుకుని, తాను చంటిపిల్లనన్నాడు. అప్పటికే మీసాలు నెరిశాయి. ఒక్క పండు మిగుల్చుకున్నా ఆ సంగతి పదిమందికి చెప్పందే అతనికి తిన్నది అరిగేది కాదు. పూర్తి టికెట్టు కొనేవాళ్లందరూ అతని దృష్టిలో వెర్రివాళ్లే.

ఏటా వానలకు ముందు ఎలుగుబంటి పటేలు నల్లగుట్ట మీద రాతిగుహలు పంచుతాడు. ఆ ఏడు మిగిలింది ఒకటే గుహ. జాబితాలో మొదటి పేరు నర్సింగానిది, రెండోది కుందేలు ఈరమ్మది. సూర్యుడు నడినెత్తికి రాగానే పటేలు పేరు మూడుసార్లు పిలుస్తాడు. పలకకపోతే గుహ తర్వాతి పేరుకు పోతుంది.

నర్సింగం బొరియకు పైకప్పు సగం కూలింది. ఈరమ్మ బొరియ వాగు ఒడ్డున ఉంది. పోయిన వానల్లో నీళ్లు లోపలికొచ్చి ఒక పిల్ల కొట్టుకుపోయింది. మిగిలిన ముగ్గురినీ కాపాడుకోవాలన్న దిగులు తప్ప ఆమెకు ఇంకో ఆలోచన లేదు. నర్సింగం రాకుండా ఉంటాడేమోనన్న చిన్న ఆశతోనే ఆ పొద్దున పిల్లల్ని వెంటబెట్టుకుని బయల్దేరింది.

అందరూ గంపల్లో సర్దుకున్నాక సరోజ గొంతెత్తింది.

"ఇయ్యాల్టి నుంచి రోజు పాసు! పది పండ్లిస్తే మోదుగాకు మీద ముక్కుతో మూడు చిల్లులు పొడిచిస్త. పొద్దుగుంకేదాకా ఎన్నిసార్లన్న ఎక్కుండ్రి, దిగుండ్రి!"

నర్సింగం కళ్లు మెరిశాయి. "ఎన్నిసార్లన్ననా?"

"ఎన్నిసార్లన్న."

సంచి దులిపి పది పండ్లూ ఇచ్చేశాడు. ఆకు అందుకుని అందరికీ చూపించాడు. మూడు పండ్లిచ్చి మామూలు టికెట్టు తీసుకుంటున్న ఈరమ్మ వైపు తిరిగి పళ్లికిలించాడు.

"నీకు ఎప్పటికీ లెక్కలు రావు ఈరమ్మా."

"నీకొచ్చు గద మామా, చెప్పు. నాకు పోను మూడు, రాను మూడు. ఆరు. నీకు పది. ఎక్కువ పెట్టిందెవరు?"

గంపల్లో అందరూ పకపకా నవ్వారు. మాణిక్యం కూడా తొండం ఊపింది. నర్సింగం ముఖం మాడిపోయింది. ఆ ముఖం చూడగానే ఈరమ్మ చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఇతను గుహనైనా వదులుతాడేమో గానీ పండును వదలడని ఆమెకు అర్థమైంది.

"ఊరుకో మామా, బాధపడకు," అంది మెత్తగా. "నాలుగుసార్లు తిరిగితే పన్నెండు పండ్ల ప్రయాణమైతది. నష్టం ఉండదు. నాలుగుసార్లు తిరిగే ఓపిక నీకు యాడుంది గని."

"నాకు ఓపిక లేదా?"

నల్లగుట్ట వచ్చింది. పటేలు ఇంకా రాలేదు. ఈరమ్మ పిల్లలతో దిగింది. నర్సింగం దిగలేదు. పటేలు వచ్చేలోపు ఒక తిరుగు తిరిగొస్తే ఖాళీగా కూర్చునే పని తప్పుతుందనుకున్నాడు.

తుమ్మలబండ దగ్గర అతని భార్య ఎదురొచ్చింది.

"గుహ వచ్చిందా?"

"ఆరు పండ్లొచ్చినయ్. ఇంక నాలుగు రావాలె."

"గుహ సంగతి అడిగితే పండ్లంటవేంది?"

అప్పటికే మాణిక్యం వెనక్కి తిరిగింది. మూడోసారి నల్లగుట్ట చేరేసరికి పటేలు బండ మీద కూర్చుని గొంతు సవరించుకుంటున్నాడు. సూర్యుడు నడినెత్తికి రావడానికి ఇంకా కొంచెం టైముంది. నర్సింగం ఒక కాలు కింద పెట్టాడు.

"దిగు మామా, దిగు," అంది ఈరమ్మ. "తొమ్మిది వసూలైనయ్. మిగిలింది ఒక్క పండే. సరోజకు ధర్మం చేసిననుకో."

ధర్మమన్న మాట వినగానే నర్సింగం ఒంటికి కారం రాసినట్టయింది. కింద పెట్టిన కాలు మళ్లీ పైకి తీసుకున్నాడు.

"నేను ధర్మం చేసుడా? పటేలు నోరు తెరిచేలోపు వచ్చేస్త. పోనీ మాణిక్యం!"

తుమ్మలబండకు చేరారు. పన్నెండు. పది పెట్టి పన్నెండు లాగాడు. ఛాతీ ఉబ్బింది. "ఊఁ, తిప్పు," అన్నాడు.

మాణిక్యం కదలలేదు. సరోజ ఏనుగు చెవి మీదికెక్కి ఈకలు దువ్వుకుంటోంది.

"బండికి అన్నం టైము. మేసి, చెరువులో మునిగి, జరసేపు ఒరిగినాంక కదుల్తది."

"నేను అర్జెంటుగా పోవాలె!"

"ఉరుకు మరి. నక్కవి, నీకేం తక్కువ? ఇప్పుడురికితే అందుకుంటవ్."

నిజమే, పరుగెత్తితే సమయానికి చేరేవాడు. ఆ మాటే భార్య కూడా అరిచి చెప్పింది. నర్సింగం మోదుగాకును పైకెత్తి చూపించాడు.

"పాసు చేతిల పెట్టుకుని నడవమంటవా? పిచ్చిదానా!"

కూర్చున్నాడు. మాణిక్యం మేసింది, మునిగింది, ఒరిగింది. అడవిలో అంతసేపు ఏనుగు తిండిని కళ్లారా చూసిన నక్క ఇంకొకటి లేదు.

అయిదో ప్రయాణంలో నల్లగుట్ట చేరేసరికి పొద్దు వాలిపోయి, మబ్బులు కమ్ముకున్నాయి. గుహ వాకిట్లో ఈరమ్మ గడ్డి పరుస్తోంది. పిల్లలు లోపల దొర్లుతున్నారు.

"మోసం!" అని అరిచాడు నర్సింగం. "నన్ను మాటల్ల పెట్టి తిప్పింది!"

"దిగుమనే గద మామా నేన్జెప్పింది," అంది ఈరమ్మ. మళ్లీ గడ్డి సర్దుకోసాగింది.

పటేలు జాబితా మడుస్తున్నాడు. "మూడుసార్లు పిలిచిన. యాడికి పోయినవ్?"

"యాడికి పోలేదు పటేలా! ఇగో, పాసు చూడు! పది పండ్లకు పదిహేను పండ్ల ప్రయాణం చేసిన!"

"శానా మంచిది," అన్నాడు పటేలు. "వానొస్తుంది. ఆ ఆకు నెత్తి మీద పెట్టుకో."

వాన వచ్చింది. నర్సింగం పరుగున వెళ్లి మాణిక్యం దగ్గర నిలబడ్డాడు. ఆఖరి ట్రిప్పు. గంపలోకి కాలు పెట్టబోతే సరోజ రెక్క అడ్డం పెట్టింది.

"పొద్దుగుంకింది. పాసు అయిపోయింది. మూడు పండ్లు తియ్యి."

సంచిలో ఒక్క పండు కూడా లేదు. ఎక్కడా తోడేలు ఒడి కూడా కనిపించలేదు. భార్యకు ఏం చెప్పాలో లెక్కలేసుకుంటూ, బురదలో తుమ్మలబండ దాకా నడిచాడు.

బండి ఎక్కేది పని మీద పోవడానికి గానీ, టికెట్టు గిట్టించుకోవడానికి కాదు.