ఓడ మీద బల్లి సాక్ష్యం

…అదుగో, నువ్వూ వచ్చావా? రా, ఇటు జరిగి కూర్చో. ఏం పోలేదులే, ఓడ ఇప్పుడే రేవు దాటింది. ఎవరి ఓడ అంటావా? రాజుగారి ఓడ. ఏ రాజు అని అడక్కు. అనగనగా అన్నాక ఏదో ఒక రాజు ఉంటాడు గదా, ఆ రాజు.

ఆ రాజుకి సముద్రమంటే ఇష్టం. తను చూసిన సముద్రం జనాలూ చూడాలని పెద్ద విహార ఓడ ఒకటి కట్టించాడు. పేరు రాజహంస. అందులో భోజనాల హాలుంది, పిల్లలకి ఆటల గదుంది, పడుకోడానికి మెత్తటి పరుపులున్నాయి. కానీ ఓడంతా చెక్కే. చెక్కకి నిప్పంటే భయం. అందుకని ఎక్కగానే కనపడేట్టు ఒక బోర్డు పెట్టించాడు.

"పొగ తాగేవాళ్ళు ఓడ వెనక అరుగు మీదికి పోయి తాగండి. ఇంకెక్కడా వద్దు. ఈ-సిగరెట్టయినా సరే. మాట తప్పినవాళ్ళని తర్వాత రేవులో దించేస్తాం."

మరి ఎవరు తాగారో కనిపెట్టేదెవరు? ఒక బల్లి. నవ్వకు, నిజంగానే బల్లి. గాలిలో కాస్త పొగో, ఈ-సిగరెట్టు ఆవిరో తగిలితే చాలు, ఎక్కడున్నా పాక్కుంటూ వచ్చి "ట్చ్ ట్చ్ ట్చ్" అనేది. అది వినగానే ఓడ నడిపే సరంగు అప్పన్న పరిగెత్తుకొచ్చేవాడు. అదీ అక్కడి పద్ధతి.

ఆ ఏడాది ఓడ ఎక్కినవాళ్ళలో పైడమ్మ ఒకతి. ఒళ్ళో చంటిపాప. పైడమ్మ మొగుడు గురవయ్య చివరి ద్వీపంలో దీపస్తంభం కాస్తాడు. దీపం వదిలి రాలేడు. పాప పుట్టిందని కబురు వెళ్ళింది గానీ పాపని చూసుకోలేదు. తండ్రి పళ్ళెంలో బియ్యం పోసి, వేలితో పేరు రాస్తేనే గదా పాపకి పేరు! అందుకని పాపకి ఇంకా పేరే లేదు. ఆ ద్వీపం దగ్గర ఓడ ఆగేది ఏడాదికి ఒక్కసారి. ఇది తప్పితే మళ్ళీ వచ్చే ఏడాదే.

పైడమ్మ దగ్గర ఒక చిన్న మూటుంది. అందులో సాంబ్రాణి. పాపకి తలంటినప్పుడు వేద్దామని తెచ్చుకుంది. బోర్డు ఎవరితోనో చదివించుకుని, "అయితే దిగాకే వేసుకుంటాలే" అని ముడేసి పెట్టేసింది.

ఆ ముడెయ్యడం చూసినవాళ్ళలో రత్నాల వర్తకుడు భోగలింగం కూడా ఉన్నాడు. జరీ తలపాగా, వెడల్పాటి చేతుల చొక్కా. ఆ చేతిలో దాచిన వెండి గొట్టం. అదే ఈ-సిగరెట్టు. దానికి అగ్గిపుల్ల అక్కర్లేదు. నోట్లో పెట్టి పీలిస్తే లోపల రసం కాగి తెల్లటి ఆవిరొస్తుంది. ఒకరోజు మామిడిపండు వాసన, ఒకరోజు పనసపండు వాసన.

"వెనక అరుగు మీద ఎండ. పైగా గాలికి తలపాగా ఊడుద్ది. బోర్డులు మామూలోళ్ళకి. మనకేంటి?" అనుకున్నాడు భోగలింగం.

పొద్దున్నే భోజనాల హాల్లో ఇడ్లీలు దించారు. పొగలు కక్కుతున్నాయి. ఇదే సందని భోగలింగం బల్ల కిందికి వంగి ఒక్క దమ్ము లాగాడు. గుప్పుమని మామిడి వాసన.

బల్లి వచ్చింది. "ట్చ్ ట్చ్ ట్చ్!"

అప్పన్న వచ్చాడు. "ఎవరండీ పొగ తాగింది?"

భోగలింగం మూతి తుడుచుకుని, "పొగేంటయ్యా అప్పన్నా, ఇడ్లీల ఆవిరి!" అన్నాడు.

అలా అనడానికి నోరు తెరిచాడు గదా, నోట్లో మిగిలిన ఆవిరి బయటికొచ్చింది. సరిగ్గా పైన కప్పు మీదున్న బల్లికి తగిలింది. "ట్చ్ ట్చ్ ట్చ్!"

ఇక చూడు! మనవాళ్ళ అలవాటు నీకు తెలుసు గదా. ఎవరైనా మాట అన్నాక బల్లి పలికితే ఏం చేస్తారు? హాలంతా వేళ్ళతో బల్లల మీద టక టక కొట్టి, "సత్యం! సత్యం!" అన్నారు.

అప్పన్నకీ చిన్నప్పట్నుంచి అదే అలవాటు. తనూ కొట్టాడు. "బల్లే పలికాక ఇంకేముంది బాబూ" అని వెళ్ళిపోయాడు.

పాపం బల్లి! "వీడే, వీడే, వీడే" అని గొంతు చించుకుంటోంది. మనుషుల చెవికి అది ట్చ్ ట్చ్ మని వినపడుతోంది. అదేం చేస్తుంది?

భోగలింగానికి మాత్రం భలే ధైర్యమొచ్చింది. "ఓరి! ఈ బల్లి మన పార్టీయే" అనుకున్నాడు.

మధ్యాహ్నం ఆటల గదికి పోయాడు. అక్కడ చల్లగా ఉంటుందని. పిల్లలు ఆడుకుంటున్నారు. ఉయ్యాల్లో పైడమ్మ పాప నిద్రపోతోంది. ఉయ్యాల పక్కనే కూర్చుని పెద్ద దమ్ము లాగి వదిలాడు. పనస వాసన గదంతా కమ్మేసింది. పిల్లలు ఖంగు ఖంగుమని దగ్గారు. పాప ఉలిక్కిపడి లేచి, దగ్గి దగ్గి ఎర్రగా కందిపోయింది.

పైడమ్మ పరుగున వచ్చి పాపని భుజానేసుకుంది. "బాబూ, ఆ చేతిలోది ఏంటండీ?"

"నా చెయ్యి" అన్నాడు వాడు.

"ట్చ్ ట్చ్ ట్చ్!" అంది బల్లి. అప్పన్న రానే వచ్చాడు, వెనకే జనమూ వచ్చారు.

భోగలింగం వేలెత్తి చూపించాడు. "అదుగో, ఆవిడ మూట విప్పించు. సాంబ్రాణి ఉంది అందులో. పిల్లకి పొగేసింది."

నోరు తెరిచాడు. ఆవిరొచ్చింది. "ట్చ్ ట్చ్ ట్చ్!"

"సత్యం! సత్యం!" గోడలు టకటకలాడాయి.

మూట విప్పారు. సాంబ్రాణి ఉంది మరి.

"నేను వెలిగించలేదు బాబూ. ముడి కూడా విప్పలేదు" అంది పైడమ్మ.

ఆ మాటకి బల్లి పలకలేదు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "పలకలేదు చూశావా" అని చెవులు కొరుక్కున్నారు.

అప్పన్న తల గోక్కున్నాడు. "చూడమ్మా పైడమ్మా, ఈసారికి వదిలేస్తున్నా. ఇంకోసారైతే ఉప్పురేవులో దించేస్తాను. రాజుగారి మాట, నాది కాదు."

ఉప్పురేవంటే ఏముంది? ఉప్పు కుప్పలు, కాకులు. అక్కడ దిగితే ఇక గురవయ్యని చూసినట్టే!

సాయంత్రం ఎండ తగ్గే వేళకి ముచ్చటగా మూడోసారీ అయింది. పైడమ్మ గది ముందు నడవాలో పుదీనా వాసన. బల్లి పలికింది. అప్పన్న వచ్చేసరికి భోగలింగం అక్కడే ఉన్నాడు, చేతులు కట్టుకుని. "మళ్ళీ ఆవిడేనయ్యా" అన్నాడు. బల్లి పలికింది. జనం సత్యమన్నారు.

దూరంగా ఉప్పురేవు తెల్లగా కనపడుతోంది.

"మూట సర్దుకో అమ్మా" అన్నాడు అప్పన్న, నేల చూపులు చూస్తూ.

పైడమ్మ ఏడుస్తుందనుకున్నారు. ఏడవలేదు. కాసేపు బల్లి వంక చూసింది. తర్వాత భోగలింగం మూతి వంక చూసింది.

"దిగమంటే దిగుతాను సరంగు బాబూ. దిగేముందు అందర్నీ భోజనాల హాల్లో కూర్చోబెట్టండి. ఒక్క మాట చెప్పి పోతాను. ఈలోపు పాపకి పాలిచ్చుకుని వస్తా. నేనొచ్చేదాకా ఎవరూ కదలకూడదు."

"అంతేగా, కానీ" అన్నాడు అప్పన్న.

అందరూ కూర్చున్నారు. పైడమ్మ రాదే! పాప తాగుతూ నిద్రపోతుంది, లేస్తుంది, మళ్ళీ తాగుతుంది. తల్లి తొందర పెట్టలేదు. హాల్లో ఒక ముసలమ్మ కునికిపాట్లు పడింది. భోగలింగం మాత్రం కాలు ఊపాడు. మెడ తుడుచుకున్నాడు. తలపాగా సర్దుకున్నాడు. నాలిక పీకేస్తోంది. ఆఖరికి ఉండబట్టలేక కిటికీ పరదా వైపు మొహం తిప్పి, చొక్కా చేతిలోంచే చటుక్కున లాగి మింగేశాడు. ఆవిరి బయటికి రాకుండా మూతి బిగించి కూర్చున్నాడు.

పైన బల్లి పాకుతూ వచ్చి సరిగ్గా వాడి నెత్తిమీద ఆగింది.

అప్పుడొచ్చింది పైడమ్మ.

"అయ్యలారా, అమ్మలారా! నేను పొద్దున్నించి నిజాలే చెప్తున్నా. మరి నాకోసం బల్లి ఒక్కసారీ పలకలేదేం?"

హాలంతా తలెత్తి బల్లి వంక చూసింది.

"ఇప్పుడు చూడండి. నా పేరు పైడమ్మ."

బల్లి పలకలేదు.

"ఇది నా కడుపున పుట్టిన పాప."

బల్లి పలకలేదు.

"సరంగు బాబూ, మీరూ ఒక నిజం చెప్పండి."

అప్పన్న గొంతు సవరించుకుని, "నా పేరు అప్పన్న" అన్నాడు. బల్లి కిమ్మనలేదు. అప్పన్నకి రోషమొచ్చింది. "ఏవే బల్లీ! మా అమ్మ పెట్టిన పేరే, అబద్ధమంటావా?"

హాలంతా గొల్లుమంది. ముసలమ్మకి నిద్ర వదిలిపోయింది.

పైడమ్మ భోగలింగం వైపు తిరిగింది. "బాబుగారూ, మీరు మాత్రం అబద్ధం చెప్పండి. ఊరికే, ఆటకి. ఉప్పు తియ్యగా ఉంటుందనండి."

భోగలింగం తల అడ్డంగా ఊపాడు. మూతి విప్పలేదు.

"అనవయ్యా, ఏం పోయింది?" అన్నాడు అప్పన్న.

తప్పక అన్నాడు. "ఉప్పు తియ్యగా ఉంటుంది."

"ట్చ్ ట్చ్ ట్చ్!"

అలవాటు కొద్దీ అందరి వేళ్ళూ లేచాయి. "సత్—" అన్నారు. అక్కడే ఆగిపోయారు. లేచిన వేళ్ళు గాల్లోనే ఉండిపోయాయి.

"సూర్యుడు పడమట పొడుస్తాడనండి" అంది పైడమ్మ.

"పొ… పొడుస్తాడు."

"ట్చ్ ట్చ్ ట్చ్!"

ఎవరూ కొట్టలేదు. ముసలమ్మ లేచి నిలబడింది. "ఓసినీ! ఈ బల్లి మాటకి పలకట్లేదర్రా. నోటికి పలుకుతోంది!"

భోగలింగానికి కోపం తన్నుకొచ్చింది. ఎగిరి లేచి, చెయ్యెత్తి, "నేనే తప్పూ చెయ్యలేదు!" అని అరిచాడు.

ఆ అరుపుతో పాటే వాడి నోట్లోంచి తెల్లటి ఆవిరి మేఘంలా వచ్చింది. పుదీనా వాసన గుప్పుమంది. ఎత్తిన చేతిలోంచి వెండి గొట్టం జారి, టింగుమని బల్ల మీద పడి, దొర్లుకుంటూ పోయి అప్పన్న ముందు ఆగింది. బల్లైతే ఇక ఆగలేదు. ట్చ్ ట్చ్ ట్చ్ ట్చ్ ట్చ్!

"ఇది పొగ కాదు! ఆవిరి! పళ్ళ వాసన!" అన్నాడు భోగలింగం.

అప్పన్న గొట్టం చేతిలోకి తీసుకున్నాడు. "బోర్డు మీద ఇదీ రాసుంది బాబూ. పళ్ళ వాసన కావాలంటే పండు తినాలి. చంటిపాప గొంతులోకి ఊదుతారా?"

తర్వాత అప్పన్న తలగుడ్డ తీసి, పైడమ్మ ముందు నిలబడి, అందరూ వినేట్టు అన్నాడు. "తప్పు నాదమ్మా. బల్లి నన్ను పిలిచింది వాసన చూడమని. నేను వాసన చూడలేదు, బల్ల కొట్టాను. మన్నించు."

ఉప్పురేవు వచ్చింది. నిచ్చెన దించారు. జరీ తలపాగాతో భోగలింగం ఒక్కడే దిగాడు. దిగగానే గాలికి తలపాగా ఊడి ఉప్పు కుప్ప మీద పడింది. కాకులు తప్ప పలకరించినవాళ్ళు లేరు.

రాజహంస ముందుకి సాగింది. మర్నాడు పొద్దున్నే చివరి ద్వీపం కనపడింది. దీపస్తంభం కింద గురవయ్య రెండు చేతులూ ఊపుతూ గంతులేస్తున్నాడు. ఓడలో ఉన్నవాళ్ళంతా అంచుకి చేరి, వాళ్ళ చుట్టమే అన్నట్టు వాళ్ళూ చేతులూపారు. అప్పన్న భోంయ్ భోంయ్ మని ఓడ కూత పెట్టాడు. పైడమ్మ నిచ్చెన మీద ఆగి, వెనక్కి తిరిగి ఓడవాళ్ళతో ఒక మాట అంది. ఆ మాట ఆఖర్న చెప్తాను, ఉండు.

గురవయ్య పాపని ఎత్తుకుని ఏడ్చాడు, నవ్వాడు. పళ్ళెంలో బియ్యం పోశాడు. వేలితో పేరు రాశాడు. సత్యవతి. పైడమ్మ మూట ముడి విప్పి, నిప్పుల మీద సాంబ్రాణి వేసింది. తలంటిన పాప మెత్తటి జుట్టులోంచి ఆ పొగ పాకి, ఇసక మీద నుంచి లేచి, గాలికి తేలుతూ ఓడ కిటికీ దాకా వచ్చింది.

"ట్చ్!" అంది బల్లి. ఒక్కసారే.

ఓడంతా వాసన చూసింది. తర్వాత ఓడంతా బల్ల కొట్టింది. "సత్యం!"

ఏ మాటకి సత్యమన్నారంటావా? పైడమ్మ దిగేముందు అన్న మాటకి. ఆమె ఎలా అందో అలాగే చెప్తున్నా, విను.

"గాలి అందరిదీ బాబూ. దాన్ని పాడుచేసి ఆ తప్పు పక్కోళ్ళ మీదికి నెట్టినోడు, తన రేవు రాకముందే దిగిపోవాల్సొస్తుంది."