వకుళమ్మ పట్టిన గీత

అనగనగా ఊరు కాని ఊళ్ళో, ఓ కొండ నెత్తిన, చుక్కలకి ఫోటోలు తీసే ఆఫీసు ఉండేదే బుజ్జులూ. కాళ్ళు ఆడించకుండా విను మరి.

రాత్రిళ్ళు పెద్ద దుర్భిణిలోంచి గాజు పలక మీద ఫోటో తీసేవాళ్ళు. పొద్దున్నే వకుళమ్మ అనే ఆవిడ ఆ పలక కడిగి, భూతద్దం పెట్టి చుక్కలన్నీ కొలిచేది. ఎంత ఓపికో ఆ తల్లికి! ఆ ఉద్యోగమే వాళ్ళింటికి ఆధారం.

ఒకరోజు పలక మీద చుక్కల మధ్య వెంట్రుకంత గీత కనపడింది. పైఆఫీసరు పేరిశాస్త్రి గారికి చూపించింది. ఆయన అసలే ముక్కోపి. నీ చేతి గాజు గీసుకుంది, పలక పాడుచేశావని కసిరాడు.

ఆ తర్వాత నాలుగు రోజులకి ఇంకో పలక. అందులోనూ గీతే, కాస్త పడమటికి జరిగి. ఇంకొక్క గీత పడిందా, ఉద్యోగం ఊడినట్టే అన్నాడాయన.

ఇక వకుళమ్మకి దిగులు పట్టుకుంది. ఆ పూట అన్నం సయించలేదు. కానీ ఆవిడ బుర్ర ఊరుకుంటుందా? దుర్భిణి చుక్కల వెంటే తిరుగుతుంది కాబట్టి, గంటసేపు ఫోటో తీసినా అవి చుక్కల్లానే పడతాయి. వాటి మధ్య వేరేగా నడిచేదైతేనే కదా గీతలా సాగేది!

మర్నాడు వెళ్ళి, "మూడో పలక మీరే కడగండి సార్. నేను చెయ్యి వెయ్యను. గీత ఇంకో బియ్యపుగింజంత పడమటికి ఉంటుంది. లేకపోతే నేనే మానేస్తాను" అంది.

నాలుగు రోజులయ్యాక ఆయనే ఫోటో తీశాడు, ఆయనే కడిగాడు. చూస్తే, సరిగ్గా ఆవిడ చెప్పిన చోటే గీత. ఆ పలక తనే తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు.

ఆ మూడు గీతలూ పట్టుకుని వకుళమ్మ లెక్క కట్టింది. అది అంగారకుడికీ గురుడికీ మధ్య తిరిగే రాయిట! కొంచెం కోలగా ఉన్న దారిలో, నాలుగేళ్ళ నాలుగు నెలలకి సూర్యుణ్ణి ఒక చుట్టు చుట్టొస్తుంది. ఆ దారినే కక్ష్య అంటారులే. అంతలో అది కాస్తా సూర్యుడి వెలుగు చాటుకి పోయింది. మళ్ళీ కనపడితేనే కనిపెట్టినట్టు, లేకపోతే అంతా వట్టిదే.

ఏడాది దాటి మూడు నెలలకి, ఆవిడ చెప్పిన రోజున, చెప్పిన వైపుకి దుర్భిణి తిప్పారు. శాస్త్రి గారు తను చూడకుండా దుర్భిణి ముందు కుర్చీలోంచి లేచి, "ముందు నువ్వు చూడమ్మా" అన్నాడు. అన్నేళ్ళలో ఆవిడని ఆ కుర్చీలో ఎవరూ కూర్చోబెట్టలేదు.

వకుళమ్మ కన్ను ఆనించింది. సన్నటి చుక్క, అక్కడే ఉంది.

"వచ్చావా తల్లీ" అంది, ఏడుస్తూ.

కథ చేరె కంచికి,
చుక్క చేరె కక్ష్యకి,
నువ్వు చేరు పక్కకి!