పంపయ్య సామి గంటకర్ర

సిద్ధప్ప మాస్టారికి ఆ ఏడు కుడి మోకాలు పట్టేసింది. ఆ సంగతి పంపయ్య సామికి తెలియకూడదని ఆయన పంతం.

మాస్టారంటే మా ఊరి హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఉద్యోగం నుంచి దిగిపోయి చాలా ఏళ్లయినా ఛాతీ ముందుకు పెట్టే నడిచేవారు. పంపయ్య సామి మా మఠంలో ఉండే జంగమయ్య. ఆదోని పక్కనున్న మా ఊరి నుంచి ఏటా శివరాత్రికి మా జట్టును శ్రీశైలానికి కాలినడకన తీసుకుపోయేవారు. ఊళ్లన్నీ దాటి, నల్లమల అడవిలో పడి, కొండెక్కేదాకా బండి అన్న మాటే లేదు.

మా జట్టుకు ఒక పద్ధతి ఉండేది. మరే జట్టులోనూ నేనది చూడలేదు. సామి దగ్గర ఒక వెదురుకర్ర ఉండేది. దాని కొనకు ఎద్దు మెడలో కట్టే ఇత్తడి గంట. తెల్లవారి బయల్దేరే ముందు ఆ కర్రను నేలకు ఆనించి సామి అడిగేవారు.

"ఈ పొద్దు కాళ్లు ఎవురికి బరువు?"

"నాకు సామీ" అన్నవాళ్ల చేతికి కర్ర పోయేది. ఇక ఆ పూటంతా వాళ్లే ముందు నడవాలి. గంటను దాటి ఎవరూ అడుగు వేయకూడదు. గంట ఆగితే అందరం ఆగాలి. సామి మాత్రం అందరికంటే వెనక, ఎవరి చెప్పు తెగిందో ఎవరి మూట జారిందో చూసుకుంటూ వచ్చేవారు.

ఇది తెలియక మాస్టారు తొలి ఏడే నవ్వులపాలయ్యారు. అప్పుడాయన కొత్తగా ఉద్యోగంలో చేరిన మనిషి, జేబులో ఈల కూడా తీయకుండా వచ్చేశారు. ఆలస్యంగా లేచి, చేలకు అడ్డంపడి పరుగెత్తి, జట్టుకు ఎదురుగా దారిలోకి దిగారు. చూస్తే గంటకర్ర పట్టుకుని ఒకాయన, ఆయన వెనక ఊరంతా. ఇంకేం, సామి ఈయనే అనుకుని ఆ దుమ్ములోనే సాష్టాంగపడ్డారు.

ఆ కర్ర పట్టింది కుమ్మరి గిడ్డయ్య. అరికాల్లో ముల్లు విరిగి, చీము పట్టి కుంటుతున్నాడు. నిప్పు తొక్కినట్టు వెనక్కి గెంతాడు.

"అయ్యయ్యో, నేను కాదు నాయనా! నేను కాదు!"

సామి వెనక నుంచి నిదానంగా వచ్చి మాస్టారిని లేపారు.

"పొరపడినావు నాయనా. ముందు నడిచేటోడు సామి కాదు. కాలు నొప్పున్నోడు."

ఆ కథను ఏటా ఏదో ఒక మజిలీలో ఎవరో ఒకరు తవ్వి తీసేవారు. మాస్టారు కూడా మాతో పాటు నవ్వేవారు. ఆ నవ్వులు తలచుకుంటే నాకిప్పటికీ కట్టెల పొగా, పెనం మీద కాలే జొన్నరొట్టే ముక్కుకు తగులుతాయి. గిడ్డయ్య పోయాడు. ఆ రొట్టెలు తట్టిన చేతులు కూడా చాలావరకు పోయాయి. దారి మాత్రం అక్కడే ఉంది.

నేను చెప్పేది సామి ఆఖరి నడక సంగతి. బయల్దేరే రోజు మఠం అరుగు మీద కూర్చుని ఆయనే చెప్పారు.

"వచ్చే ఏడు నా కాళ్లు రావప్పా. జట్టు ఎవురి చేతిలో పెట్టాల్నో ఈ దారిలో చూసుకుంటా."

మా అందరి కళ్లూ సిద్ధప్ప మాస్టారి మీదికే పోయాయి. మాస్టారికీ ఆ ఆశ ఉంది. భార్య పోయాక ఏడాదంతా ఆయన ఎదురుచూసేది ఈ నడక ఒక్కదాని కోసమే. జట్టు ఇంకొకరి చేతిలోకి పోతే ఆయనకు మిగిలేది ఖాళీ ఇల్లు, గోడకు వేలాడే ఈల.

కుంటేవాడికి జట్టును ఎవరిస్తారని మాస్టారు భయపడ్డారు. ఎమ్మిగనూరులో టీ తాగే నెపంతో మెడికల్ షాపుకు పోయి నొప్పి మాత్రలు కొన్నారు. అడగ్గానే ఇచ్చేశారు. డాక్టరు చీటీ ఏదని గానీ, ఒంట్లో ఇంకేం జబ్బుందని గానీ ఎవరూ అడగలేదు.

పొద్దున ఒకటి వేసుకుంటే మోకాలు నోరు మూసుకునేది. మధ్యాహ్నానికి మళ్లీ మూలిగితే ఇంకొకటి. అడవి దగ్గర పడేకొద్దీ ఆ లెక్కా పోయింది.

తమాషా ఏమంటే, సామి పాలిటికి ఆ మాత్రల కాపలాదారు కూడా మాస్టారే. ఏటా నడకకు ముందు సామిని ఆదోనిలో డాక్టరుకు చూపించి తెచ్చేది ఆయనే. దారిలో ఏ భక్తుడైనా "సామి కాళ్లకు మంచిది" అని నొప్పి బిళ్ల తెస్తే పులిలా అడ్డం పడేవారు. "సామికి బీపీ ఉండాది, ఇట్లాంటివి ఇయ్యగూడదు" అని గద్దించి, బిళ్ల లాక్కుని తన సంచిలో వేసుకునేవారు. ఆ ఏడు సంచిలో వేసుకున్నవి ఎటు పోయాయో ఇంక మీకు చెప్పక్కర్లేదు.

ఆ ఏడు గంటకర్ర రోజూ సుంకమ్మవ్వ చేతికే పోయింది. మడమలు పగిలి, గుడ్డపేలికలు చుట్టుకుని నడుస్తోంది. మాస్టారు ఆమె వెనకే, పరేడ్‌లో లాగా చేతులు ఊపుకుంటూ.

"మాస్టరయ్యా, నా మడిమెలు తొక్కుతాండావు. నాకంటే ముందు పోయి మల్లన్నకు ఏం చెప్పాలప్పా?" అనేది అవ్వ.

"నీ నడకకు శివరాత్రి పోయి ఉగాది వస్తాదవ్వా!" అనేవారు మాస్టారు. అందరం నవ్వేవాళ్లం.

అడవిలో నాగలూటి దాటాక ఎండ ముదిరింది. మోదుగులు ఆకు లేకుండా ఎర్రగా పూసి ఉన్నాయి. నీళ్లకుండ కనిపించిన చోటల్లా అవ్వ ఆగేది, గంట ఆగేది, మేమంతా కడుపునిండా తాగేవాళ్లం. మాస్టారు మాత్రం పెదవులు తడుపుకుని ఊరుకునేవారు. కూర్చుంటే మోకాలు మళ్లీ లేవనిస్తుందో లేదో అని, మాటిమాటికీ చెట్టుచాటుకు పోవలసిన అవసరమే లేకుండా చూసుకునేవారట. కడుపులో మంటని మెంతిరొట్టె కూడా వద్దన్నారు. పాదాలు ఉబ్బి, చెప్పుల వారు చర్మంలోకి దిగబడింది. అయినా తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనలేదు.

వెనక నడిచేవాళ్లకు అందరి కాళ్లూ కనిపిస్తాయి. ఆ సంగతి మాస్టారు మరిచిపోయారు.

పెచ్చెరువు దగ్గర మజిలీ చేశాం. పొద్దు ఇంకా వాలలేదు. మాస్టారు ఒక టేకుచెట్టు వెనక్కి పోయి, సంచిలోంచి బిళ్ల తీసి నోటి దాకా తెచ్చుకున్నారు. ఎదురుగా పంపయ్య సామి. తీర్థానికి పట్టినట్టు కుడిచెయ్యి చాపి నిలబడి ఉన్నారు.

ఆ చెట్టు వెనక జరిగిన మాటలు తర్వాత మాస్టారే మాకు చెప్పారు.

"నాకూ ఒకటి ఇయ్యి సిద్ధప్పా. కాళ్లు పీకుతాండాయి."

మాస్టారు ఉలిక్కిపడి చెయ్యి వెనక దాచుకున్నారు. "వద్దు సామీ! మీరు మింగగూడదు."

"ఏమిటికి?"

"మీ వయసుకు ఇవి పడవు సామీ. బీపీ బిళ్లలు వేసుకుంటాండారు. ఈ ఎండకు ఒంట్లో నీళ్లు ఇంకిపోయి ఉంటాయి. దాని మీద ఇవి పడితే కిడ్నీలు చెడతాయి. కడుపులో పుండు పడి రక్తం పోతాది. డాక్టరు మీ ముందరే చెప్పినాడు గదా?"

"చెప్పినాడు. నీ వయసు ఎంతప్పా?"

మాస్టారు సంచిని పక్కకు జరుపుకున్నారు.

"ఆ డాక్టరే గదా నీకూ బీపీ బిళ్లలు రాసిచ్చింది?"

మాస్టారు తల వంచుకున్నారు.

"ఈ పొద్దు నీళ్లు ఎన్నిసార్లు తాగినావు?"

మాస్టారు ఎండిన పెదవులు తడుపుకున్నారు. సామి చాపిన చెయ్యి మాత్రం చాపినట్టే ఉంది. ఆ వయసులో చెయ్యి ఎంతసేపు నిలుస్తుంది? ఎడమచేత్తో దానికి ఊతం పెట్టుకున్నారు.

"నీకు మంచిదయితే నాకూ మంచిదే. ఇయ్యి. ఇద్దరం మింగుదాం."

మాస్టారు బిళ్ల పారేశారు. సంచిలో ఉన్నవన్నీ తీసి సామి కాళ్ల దగ్గర పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

"మోకాలు సామీ. కుంటుతానని తెలిస్తే జట్టు నాకియ్యరని..."

సామి వంగి ఆయన కాలి మీద బొటనవేలితో నొక్కారు. పడిన గుంట పడినట్టే ఉండిపోయింది. తర్వాత సామి ఆయన చెయ్యి పట్టుకుని యాత్రికుల కోసం వేసిన వైద్య శిబిరానికి నడిపించారు.

డాక్టరమ్మ చిన్నపిల్ల. బీపీ చూసింది, కాళ్లు చూసింది, ఒంటికి సరిగ్గా పోతున్నారా, దొడ్డికి నల్లగా అవుతోందా అని అడిగింది. నలుపేమీ లేదని విన్నాక కొంచెం నెమ్మదించింది. ఆ మాత్రలు ఇక ముట్టుకోవద్దంది. ఒక రోజంతా కదలకుండా ఉండమంది. ఒంటికి పోవడం తగ్గితే ఆ క్షణమే జీపెక్కి ఆసుపత్రికి పోవాలని, ఏమైనా సరే కొండెక్కగానే రక్తపరీక్ష చేయించుకోవాలని మరీ మరీ చెప్పింది.

జట్టంతా మర్నాడు పెచ్చెరువులోనే ఆగిపోయింది. ఎవరూ విసుక్కోలేదు. ఒకరు నిలిస్తే అందరం నిలవడం మాకు అలవాటే గదా. నా జీవితంలో అంత హాయిగా గడిచిన రోజు ఇంకొకటి లేదు. చెట్ల నీడన పడుకుని పాత నడకలన్నీ తలచుకున్నాం. ఎప్పుడో వానకు తడిసిన అటుకులు, దారి తప్పి చెంచుగూడెంలో తిన్న తేనె, గిడ్డయ్య పాడే పాటలో ఆయనకెప్పుడూ గుర్తురాని మూడో చరణం. సుంకమ్మవ్వ మాస్టారి పక్కన చెంబు పెట్టుకుని కూర్చుంది. ఆయన గుక్క తాగితే గానీ కథలో ముందుకు పోనిచ్చేది కాదు. ఆ మనుషులు మళ్లీ రారు. ఆ రోజైనా ఇంకాస్త పొడుగ్గా ఉండి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

దాని మరుసటి ఉదయానికి పాదాల వాపు చాలా తగ్గింది. ఒంటికి బాగానే పోతోందని మాస్టారు తానే వెళ్లి చెప్పి వచ్చారు. నిదానంగా అయితే నడవమంది డాక్టరమ్మ.

సామి కర్ర నేలకు ఆనించారు.

"ఈ పొద్దు కాళ్లు ఎవురికి బరువు?"

"నాకు సామీ!"

స్కూల్లో ప్రార్థనకు పిల్లల్ని నిలబెట్టే గొంతు అది. అడవంతా వినిపించింది.

"ఇంకనన్నా నా మడిమెలు బతుకుతాయి" అంటూ సుంకమ్మవ్వ కర్ర తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. మేం నవ్వాం. మాస్టారు నవ్వలేదు. కర్ర చేతికి వచ్చిందంటే జట్టు చేజారినట్టేనని ఆయన మనసులో ఉంది.

భీముని కొలను మెట్లు దిగడానికే పూట పట్టింది. మోకాలు కలుక్కుమంటే మాస్టారు కూర్చునేవారు. గంట ఆగేది. మేమూ ఎక్కడివాళ్లం అక్కడ కూర్చునేవాళ్లం. వేరే జట్లవాళ్లు మమ్మల్ని దాటిపోతూ "తాబేళ్ల జట్టురా" అని వేళాకోళం ఆడారు. పూర్వమైతే మాస్టారికి రోషం పొడుచుకొచ్చేది. ఇప్పుడు నీళ్లసీసా మూత తీసి ఒక గుక్క తాగి, వెనక్కి తిరిగి మా అందరి ముఖాలూ చూశారు. సుంకమ్మవ్వ కాలి పేలిక ఊడిందని మాకంటే ముందు గమనించి, ఆమె కట్టుకునేదాకా లేవలేదు.

కైలాసద్వారం ఎక్కేసరికి సాయంత్రమైంది. పైన మజ్జిగ పంచే చోట జనం. వాళ్లలోంచి ఒకాయన, ముఖం చూస్తేనే తెలుస్తోంది తొలిసారి వచ్చినవాడని, గంట చప్పుడు విని గబగబా ఎదురొచ్చాడు. ముందు గంటకర్ర, దాని వెనక జనమంతా. ఆయన మాస్టారి కాళ్ల మీద పడ్డాడు.

మాస్టారు అచ్చం ఆనాటి గిడ్డయ్యలాగే నిప్పు తొక్కినట్టు వెనక్కి గెంతారు. మోకాలు కలుక్కుమంది కాబోలు, కర్ర మీద ఒరిగిపోయారు.

"అయ్యయ్యో, నేను కాదప్పా! సామి ఎనక వస్తాండాడు!"

ఆఖరి మెట్టు మీద కూర్చుని ఉత్తరీయంతో ముఖం తుడుచుకుంటున్న పంపయ్య సామి తల ఎత్తారు.

"ఉండనీ సిద్ధప్పా. ఈసారి ఆయన పొరపడలేదు."