చప్పుడుకు లాగిన గాలం

మల్లదాసు గురువును చూడవచ్చినవాళ్లు ఆశ్రమం ఎక్కడని అడిగితే ఊళ్లోవాళ్లు కడెం జలాశయం వైపు చెయ్యి చూపించేవారు. ఆయనకు ఆశ్రమం లేదు. బెస్తవారింట పుట్టి, చిన్నతనంలోనే అచల గురుమార్గంలో బోధ తీసుకుని, బోధ తరువాత కూడా కులవృత్తిని వదలని మనిషి. పొద్దుటిపూట నీటి అంచున ఒక బండ మీద కూర్చుని వెదురు గెడతో కొర్రమట్ట చేపలు పట్టేవారు. అడగవలసింది ఏదైనా ఉంటే ఆ బండ దగ్గరే అడగాలి. చేపలు పట్టే గురువేమిటని ఒకసారి పట్నం పెద్దమనిషి మొహం చిట్లిస్తే, "గాలమేసేటోడు గాలంతోనే కనబడుతున్నడు గద సారూ, ఇంక భయమెందుకు?" అన్నారట.

ఆయన గాలానికి ఎర ఉండేది కాదు. నిర్మల్ బొమ్మలు చేసే పొణికి కర్రతో బొటనవేలంత కప్పను తానే చెక్కి, తోక భాగంలో కొక్కెం బిగించేవారు. పొణికి కర్ర తేలిక కనుక కప్ప నీటి మీదే తేలుతుంది. తామరాకుల నీడన పొంచి ఉండే కొర్రమట్ట దాన్ని నిజమైన కప్ప అనుకుని కింద నుంచి వచ్చి కొడుతుంది.

ఆ ఏడు దసరాకు పది రోజులుందనగా సులోచన ఆయన దగ్గరికి వచ్చింది. ఆమె అంగన్‌వాడీ టీచరు. అక్కడ ముప్పైమంది పిల్లలు ఆమె కొంగు పట్టుకుని తిరుగుతారు. ఇంట్లో ఉన్న ఒక్క పిల్లే ఆమెకు అందలేదు. ఆ పిల్ల హారిక, సులోచన భర్త మొదటి భార్య కూతురు, తొమ్మిదేళ్లది. తల్లి పోయిన ఏడాదికి సులోచన ఆ ఇంట్లో అడుగుపెట్టింది. ఎనిమిది నెలలు గడిచినా హారిక ఆమెను ఏ వరసతోనూ పిలవలేదు, ఆమెతో నిండుగా ఒక్క మాట మాట్లాడలేదు. పిల్ల కుదురుకోవడం లేదు, దసరా మరునాడు వచ్చి నా దగ్గరికి తీసుకుపోతానని ఖానాపూర్‌లోని మేనత్త కబురు చేసింది. తండ్రి సరేనన్నాడు.

"అసలుకే దగ్గరికి రాకుంటే ఇంత బాధ ఉండకపోయేది గురువా," అంది సులోచన. "వస్తది. వంటింటి తలుపు కాడ నిలవడతది. నోరు తెరుస్తది. ఏంది బిడ్డా, చెప్పు చెప్పు అని నేను తిరిగేవరకల్లా మాట మింగి ఎల్లిపోతది. అంత దగ్గరకొచ్చినోళ్లు సగంల ఎందుకు మళ్లుతరు?"

గురువు తన చేతిలోని గెడను ఆమె చేతిలో పెట్టారు.

"ఎన్నడన్న గాలమేసినవా?"

"లేదు గురువా."

"మంచిదే. వదిలించుకునే అలవాట్లు లేవు."

ఆకుల మధ్య ఖాళీలో కప్పను ఎలా వదలాలో చూపించారు. రెండు చిన్న కదలికలు, ఆ తరువాత ఊరకుండటం. మళ్లీ రెండు కదలికలు, మళ్లీ ఊరకుండటం. సులోచన చెప్పినట్టే చేసింది. కొంతసేపటికి నీరు భళ్లున పగిలింది. ఆమె ఒళ్లంతా ఉలిక్కిపడి గెడను పైకి లాగింది. కప్ప ఆమె తల మీదుగా ఎగిరి వెనకనున్న తంగేడు పొదలో పడింది. కొక్కేనికి ఏమీ లేదు. రెండోసారీ అంతే. మూడోసారి కప్ప తోక మీద పంటి గాటు మాత్రం పడింది.

"ముట్టుకుంటున్నది గురువా! ముట్టుకుని వదులుతున్నది. తోకకు ఇంకో కొక్కెం కడితేనో?"

గురువు సంచిలోంచి రెండో కొక్కెం తీసి కట్టి ఇచ్చారు. ఈసారి కప్ప నీటిని తాకీ తాకకముందే కొత్త కొక్కెం తామరకాడకు తగులుకుంది. సులోచన చీర ఎగ్గట్టి మోకాలి లోతు బురదలో దిగి దాన్ని విడిపించుకోవలసి వచ్చింది. ఆమె ఒడ్డుకు వస్తుండగా గురువు మెల్లగా అడిగారు.

"ఆ పిల్లకు ఇప్పటిదాంక ఏమేం కొన్నవు?"

"సైకిలు కొన్న. వెండి పట్టీలు చేయించిన. మొన్న రెండు గౌన్లు..." ఆమె గొంతు తగ్గింది.

గురువు పటకారుతో రెండో కొక్కేన్ని ఊడదీసి సంచిలో వేసుకున్నారు.

సులోచన బండ మీద కూలబడింది. చీర అంచు నుంచి బురద నీళ్లు కారుతున్నాయి. తనకు కోపం వచ్చిందో ఏడుపు వచ్చిందో తనకే తెలియలేదని తరువాతెప్పుడో చెప్పుకుంది. మనం ప్రేమ అని పిలుచుకునే దానిలో తొందర ఎంత పాలు ఉందో ఒక్కొక్కప్పుడు చేతిలో ఖాళీ గాలం పట్టుకుంటే గాని తెలిసిరాదు కాబోలు.

"నా చేతులల్లనే ఏదో దోషమున్నది," అంది.

"చేతులను ఎందుకంటవు? అవి ఇంకా పనిలకే దిగలేదు. నువ్వు చెవులతోని లాగుతున్నవు బిడ్డా." గురువు కప్పను ఆమె ముందు పట్టుకుని పంటి గాటును వేలితో తడిమారు. "కొర్రమట్ట కొట్టే మొదటి దెబ్బ మింగనీకి కాదు. ఇది కప్పనేనా, ఇంకేమన్ననా అని కొట్టి చూస్తది. దెబ్బ తిన్న కప్ప ఆడ్నే ఉంటది. ఒక్క ఎగురు ఎగిరి గట్టున పడే కప్పను అది పుట్టినకాడికెల్లి చూసి ఉండది."

"అయితే చప్పుడైనంక ఏం చెయ్యాలె?"

"ఏం చెయ్యద్దు. బరువు తెలిసినంక లేపు."

"చప్పుడు వింటనే చెయ్యి ఆగుతలేదు గురువా."

గురువు అప్పుడు చేసిన పని ఆయన తప్ప మరొకరు చేయనిది. సులోచనను నీటికి వీపు పెట్టి కూర్చోబెట్టారు. గెడ కొనను నీటివైపు దించి, దారాన్ని జానెడు వదులుగా ఉంచి, తానే కప్పను ఆకుల మధ్య వదిలి గెడను ఆమె చేతికి ఇచ్చారు. ఎదురుగా వచ్చి కూర్చున్నారు.

"ఇయాల పొద్దుగాల ఏం కూర వండినవు?"

ఆమె విస్తుపోయింది. "బీరకాయ."

"ఎట్ల వండినవో చెప్పు. ఆపకుండ చెప్పాలె. నాకు వండరాదు."

"బీరకాయలు లేతయి చూసి చెక్కు తీసిన... నువ్వులు పొయ్యి మీద ఏంచి..."

వెనుక నీరు భళ్లుమంది. సులోచన భుజాలు బిగుసుకున్నాయి, మాట తెగింది.

"నువ్వులు మాడుతయి. చెప్పు!" అని గద్దించారు గురువు.

"ఏంచి... ఏంచి పక్కకు పెట్టిన. పెంకు మీద ఆవాలు, జీలకర్ర ఏసిన. ఎల్లిపాయ దంచి..." మాట మళ్లీ నడుస్తోంది. వెనుక ఏమీ లేదు. నీటి మీద కప్ప దెబ్బ తిన్నచోటే ఊరకుంది. "బీరకాయ ముక్కలేసి మూత పెట్టిన. నీళ్లు పొయ్యలే. దాని నీళ్లతోనే అది మగ్గుతది..."

అప్పుడు గెడ ఆమె అరచేతిలో బరువెక్కింది. చప్పుడు లేదు. ఎవరో వచ్చి పక్కన కూర్చుంటే నులకమంచం వంగినట్టు మెల్లగా వంగింది. దారం ఆకుల్లోకి పక్కగా జరుగుతోంది. ఎవరూ చెప్పకుండానే ఆమె లేచి, తిరిగి, గెడను నిదానంగా ఎత్తింది. మోచేతి పొడవు కొర్రమట్ట, నల్లగా నిగనిగలాడుతూ, కొక్కెం దవడ మూలన సరిగ్గా దిగి ఒడ్డుకు వచ్చింది.

సులోచన నవ్వింది, వెంటనే ఏడ్చింది. చేపను బుట్టలో వేస్తున్న గురువును చూసి, "పిల్ల తలుపు కాడికొస్తే నేనేం మాట్లాడాలె గురువా?" అని అడిగింది. ఆయన నీటిలో చేతులు కడుక్కుంటూ ఉండిపోయారు. రెండోసారి అడగాలని ఆమెకు అనిపించలేదు. సెలవు తీసుకుని వెళ్లిపోయింది.

దసరా ముందురోజున ఆమె గట్టు మీదుగా దాదాపు పరుగున వచ్చింది. బండ దగ్గర చెప్పులు విడవడం కూడా మరిచిపోయింది.

"మాట్లాడింది గురువా! నిన్న పొద్దుగూకేటప్పుడు గోంగూర తెంపుతున్న. వచ్చి తలుపు కాడ నిలవడ్డది. నేను తల ఎత్తలే. ఆకు తెంపుకుంటనే ఉన్న. ఎంతసేపు నిలవడ్డదో! ఆఖరికి లోపటికొచ్చి కూసున్నది. తనూ రెండు కాడలు తీసుకుని తెంపింది. ఆకంత చెత్తల ఏసి, కాడలు గిన్నెల ఏసింది. నేనేమనలే."

"ఊఁ."

"అప్పుడన్నది. చారుల ఉప్పు ఎక్కువేస్తున్నవు, మా అమ్మ ఇంత ఎయ్యకపోయేది అన్నది." సులోచన కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఎనిమిది నెలలకు మొదటి మాట, ఒంక పెట్టిన మాట! అట్లనా, రేపు తగ్గిస్త, నువ్వే రుచి చూసి చెప్పు అన్న. తల ఊపింది. ఎల్లుండి మేనత్త వస్తది గురువా. ఇప్పుడే ఇంటికి పోయి రెండు చేతులు పట్టుకుని అడుగుత. పోకు బిడ్డా, నన్ను అమ్మా అని పిలువు అని అడుగుత."

గురువు గెడను ఒళ్లో పెట్టుకుని ఆమెను చూశారు. ఆ చూపులో మందలింపు లేదు.

"ఇయాల చారు పెట్టినవా?"

"ఇంకా పెట్టలే. పోయి పెట్టాలె."

"అయితే పో బిడ్డా," అన్నారాయన నీటివైపు తిరుగుతూ. "ఉప్పు మాత్రం మరీ తగ్గించకు, రేపు పిల్లకు ఇంకో మాట మిగలనియ్యి."