జిలానీ గారి టీ గ్లాసు

శ్రీవత్సకి ఆ ప్లాస్టిక్ స్టూలంటే చిరాకు.

మా గురువు డాక్టర్ జిలానీ గారు ఎవరికైనా గుండెలో స్టెంటు వేశారంటే, తర్వాత ఆ స్టూలు పేషెంటు మంచం పక్కకి లాక్కుని కూర్చునేవారు. ఒక చేతిలో టీ గ్లాసు, ఇంకో చెయ్యి పేషెంటు మణికట్టు మీద. ఇంటివాళ్ళు వచ్చి "అంతా బాగా జరిగిందా సార్?" అని అడిగితే, "ఇంకా టీ తాగలేదమ్మా" అనేవారు. ఆయన టీ తాగడమంటే అదో పెద్ద తతంగం. పేషెంటుతో కబుర్లు చెబుతూ, ఊదుకుంటూ, గ్లాసు చల్లారిపోతే ఇంకోటి తెప్పించుకుంటూ కూర్చునేవారు.

శ్రీవత్సా నేనూ అప్పుడు ఆయన దగ్గర పని నేర్చుకుంటున్నాం. అబద్ధమెందుకు, వాడి చెయ్యి బంగారం. మా అందరిలోకీ వాడే మొనగాడు. ఆ సంగతి వాడికీ తెలుసు, అదే వచ్చిన చిక్కు.

"మానిటర్లున్నాయి, సిస్టర్లున్నారు. మధ్యలో ఈయన కాపలా ఏంట్రా?" అనేవాడు నాతో. ఒకరోజు ఆయన్నే అడిగేశాడు.

"ఇక్కడ తాగితే రుచిగా ఉంటుందోయ్" అని నవ్వేశారాయన.

ఓ పొద్దున మాణిక్యమ్మ అనే పెద్దావిడ కేసు వాడి చేతికిచ్చారు. పచ్చళ్ళు పెట్టి అమ్మే మనిషి, నోరు ఊరుకోదు. టేబుల్ మీద పడుకుని కూడా "నాయనా, నీకు పెళ్ళయిందా? గోంగూర తింటావా?" అంటూనే ఉంది. చేతి రక్తనాళం మరీ సన్నగా ఉందని శ్రీవత్స స్టెంటు ఎక్కించే సన్నటి గొట్టాన్ని తొడ మొదట్లోంచి పంపాడు. స్టెంటు చక్కగా అమిరింది. వాడు బయటికొచ్చి వాళ్ళమ్మాయికి ఫోన్లో వీడియో చూపించాడు.

"సక్సెస్ అమ్మా! స్వీట్లు పంచుకోండి."

మధ్యాహ్నం అదే ఫోను పట్టుకుని గురువు గారి గదికి వచ్చాడు. నేనక్కడే ఉన్నాను.

"సార్, ఒక్కసారి చూడండి, ఎంత అందంగా వచ్చిందో!"

జిలానీ గారు ఫోను వైపు చూడలేదు. "ఆవిడ ఎలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉన్నారు సార్. కాస్త నడుం నొప్పంటున్నారు. కదలకుండా పడుకోబెట్టాం కదా, అందుకే. నొప్పికి ఇంజెక్షన్ చెయ్యమన్నాను."

"కబుర్లు చెబుతోందా?"

శ్రీవత్స ఫోను దించాడు. "లేదు సార్. ఇందాకట్నుంచి కళ్ళు మూసుకునే ఉన్నారు."

జిలానీ గారు చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోలేదు. ఆ వయసులో ఆయన అలా పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు.

మాణిక్యమ్మ నుదురు చల్లటి చెమటతో తడిసి ఉంది. సూది గుచ్చిన చోట కట్టు మాత్రం తెల్లగా, పొడిగా ఉంది.

"కట్టు మీద చుక్క రక్తం కూడా లేదు సార్" అన్నాడు శ్రీవత్స.

ఆయన వాడి చెయ్యి పట్టుకుని, ఆవిడ పొత్తికడుపు మీద, కట్టు ఉన్న కాలి వైపున పెట్టి, మెల్లిగా నొక్కారు. అక్కడ గట్టిగా తగిలింది. ఆవిడ మూలిగింది.

వాడి మొహంలో కళ తప్పింది. రక్తం బయటికి రావడం లేదు, లోపలే కారిపోతోంది. ఆ నడుం నొప్పి దానిదే. ఎప్పుడో అరుదుగా ఇలా జరుగుతుందని ఇద్దరం చదువుకున్నాం. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాం. అంతలో మానిటర్ మోత మొదలైంది.

రక్తం ఎక్కిస్తూనే ఆవిడని మళ్ళీ టేబుల్ మీదికి చేర్చాం. శ్రీవత్స వెనక్కి తగ్గాడు.

"మీరు చెయ్యండి సార్. నా చేతులు..."

"నీ చేతులకేం? బాగానే ఉన్నాయి. పట్టు. పక్కన నేనున్నాగా."

వాడే చేశాడు. రెండో కాలిలోంచి వెళ్ళి, కారుతున్న చోట లోపల్నుంచి తొడుగు వేసి మూశాడు. బీపీ మెల్లిగా నిలబడింది.

తర్వాత వార్డులో మంచం పక్కన తల దించుకుని నిలబడ్డాడు. "తిట్టండి సార్."

జిలానీ గారు స్టూలు లాగి, వాడి భుజం పట్టి కూర్చోబెట్టారు. తన టీ గ్లాసు వాడి చేతిలో పెట్టి, వెళ్ళి గుమ్మం దగ్గర నా పక్కన నిలబడ్డారు.

వాడు ఆవిడ మణికట్టు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. వాళ్ళమ్మాయి భయం భయంగా లోపలికొచ్చింది.

"ఇప్పుడు అంతా బాగున్నట్టేనా డాక్టర్ గారూ?"

వాడు చేతిలో గ్లాసు వైపు చూశాడు. "ఇంకా టీ తాగలేదమ్మా."

ఎంతసేపటికో మాణిక్యమ్మ కళ్ళు తెరిచింది. వాడి మొహం చూసింది. చేతిలో గ్లాసు చూసింది.

"అయ్యో, మీగడ కట్టేసింది కదా నాయనా! ఇంక అదేం తాగుతావు? వేడిగా ఇంకోటి తెప్పించుకో."

శ్రీవత్స చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

"ఇప్పుడు తాగవోయ్" అన్నారు జిలానీ గారు.