కర్పూరాన్ని ఆర్పిన గాలి

విశాఖపట్నంలో ఇనుప స్టాండ్లు తయారుచేసే ఒక కంపెనీలో పైడిరాజు అనే ఇంజనీరు ఉండేవాడు. తెలివైనవాడే కానీ, నలుగురూ మెచ్చుకోకపోతే అతనికి అన్నం సయించేది కాదు.

నీళ్ళ ట్యాంకులను ఎత్తున నిలబెట్టే స్టాండ్లకు అక్కడివాళ్ళు రోజుల తరబడి లెక్కలు కట్టి డిజైన్లు గీసేవారు. ఆ పనంతా కంప్యూటరే చేసేలా పైడిరాజు ఒక సాఫ్ట్‌వేర్ రాశాడు. ట్యాంకు కొలతలు ఇస్తే కాసేపట్లో డ్రాయింగు వచ్చేసేది. అయితే మధ్యలో ఆగి, "అక్కడ గాలి ఎంత ఉంటుందో కనుక్కున్నారా?" అని అడిగేది. జవాబు ఇచ్చేదాకా కదిలేది కాదు.

"ఇది సాఫ్ట్‌వేరా, మా అత్తగారా పైడిరాజూ? అడగందే గడప దాటనివ్వదు!" అంది పక్క సీటు నూకరత్నం. అందరూ గొల్లున నవ్వారు.

పైడిరాజు ముఖం మాడిపోయింది. మర్నాడే ఆ ప్రశ్న తీసేసి, అన్ని ఊళ్ళకూ ఒకటే గాలి లెక్క పెట్టేశాడు. "ఇప్పుడు దారికొచ్చింది!" అన్నారంతా. అతను పొంగిపోయాడు.

కొన్నాళ్ళకు భీమిలి దగ్గర, సముద్రపు ఒడ్డున ఉన్న ఆడపిల్లల హాస్టల్‌కు ఒక స్టాండు చేశారు. పిల్లలు పడుకునే గది దాని పక్కనే. మొదటిసారి ట్యాంకు నింపే రోజు, కంపెనీ యజమాని సన్యాసిరావుగారు పైడిరాజును పూజకు వెంటబెట్టుకెళ్ళారు. పిల్లలు బకెట్లతో చుట్టూ చేరారు. కొబ్బరికాయ కొట్టారు. కర్పూరం మాత్రం ఎన్నిసార్లు వెలిగించినా ఆరిపోతోంది.

"ఇక్కడ ఎప్పుడూ ఇదే గాలి బాబూ. తుపానొస్తే ఇక చెప్పక్కర్లేదు," అంది వార్డెనమ్మ, చేతులు అడ్డుపెడుతూ.

పైడిరాజు చటుక్కున తలెత్తి చూశాడు. స్టాండు కాళ్ళు ఊరి మధ్యన నిలబెట్టేవాటిలా సన్నగా ఉన్నాయి. చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే, ఈ పిల్లలు?

"మోటారు వెయ్యకండి!" అని అరిచాడు. "సార్, తప్పు నాది. సముద్రపు గాలిని లెక్కలో తీసుకోలేదు. ఇది తుపానుకు నిలవదు."

సింహాద్రి అప్పన్న దయ, ట్యాంకులో ఇంకా చుక్క నీరు పడలేదు. సన్యాసిరావుగారు పిల్లల ముందే చీవాట్లు పెట్టారు. స్టాండు విప్పి, లావుపాటి కాళ్ళతో కొత్తది కట్టించారు. పైడిరాజుకు ఆ ఏడు రావలసిన ప్రమోషన్ పోయింది. అతను భీమిలి నుంచి ఆఫీసుకు రాగానే ఆ ప్రశ్నను తిరిగి పెట్టాడు.

"అత్తగారు మళ్ళీ వచ్చేశారే!" అంది నూకరత్నం.

"వచ్చారక్కా. ఇక వెళ్ళరు. ముందు ఆవిడకు జవాబు చెప్పు," అన్నాడు పైడిరాజు.

నూకరత్నం ఈసారి నవ్వలేదు. గాలి సంగతి కనుక్కోవడానికి ఫోను అందుకుంది.

పనికి అడ్డమనిపించినా సరే, ఆపదను గుర్తుచేసే మాటను నలుగురి మెప్పు కోసం తీసివేయకూడదు.