ఉంగవ్వ పాతిన పచ్చకొమ్మ

ఒకప్పుడు ఏటికి వంపులు లేవు. కొండ మీంచి సముద్రందాకా గీత గీసినట్టు ఒకటే పరుగు. అడ్డొచ్చిన చెట్టుని పీకేది, చేనుని కోసేసేది. బడికి పోయొస్తేనే మీకు కాళ్ళు పీకుతాయే, మరి దానికెంత అలుపో చూడండి!

ఆ కొండవాలులో ఉంగవ్వ అనే కోయ ముసలమ్మ ఉండేది. అడవిలో పోడు కొట్టి జొన్న వేసుకునేది. రెండు మూడు పంటలకి నేల నీరసిస్తుంది కదా, అప్పుడు చేను నడుమ ఒక పచ్చకొమ్మ పాతి వదిలేసేది. కొమ్మ ఉందంటే నేల పడుకుందని గుర్తు. ఇక దాన్ని ఎవరూ తొక్కరు.

ఆమె చేలన్నీ ఏరు తినేసింది. ఒక్కటే మిగిలింది. జొన్న మోకాలెత్తు లేచిందో లేదో, ఏరు దానిమీదికీ వచ్చింది.

"ఆగవే తల్లీ! ఇదీ పోతే నేనేం తినాలె?" అని ఉంగవ్వ చేతులు అడ్డం పెట్టింది.

"ఆగితే కిందూళ్ళోళ్ళు దాహంతో చస్తరవ్వా," అంది ఏరు రొప్పుతూ. "ఆగలేను, ఉరకలేను. నీ నేలకైతే కొమ్మ పాతుతవు. నాకెవరు పాతుతరు?"

ఉంగవ్వ కోపం చల్లారిపోయింది. తనకీ ఒళ్ళంతా నొప్పులే. జొన్నమొక్కల్ని ఒకసారి నిమిరింది. మద్దికొమ్మ విరిచి, పచ్చగా ఉన్న చేను నడుమనే పాతేసింది.

"ఇది పడుకుంది. తొక్కకు. చుట్టూ తిరిగి పో, మెల్లగా పో."

కొమ్మ చూశాక ఏరు తొక్కుతుందా? పక్కకి తిరిగింది. అలవాటు లేక తూలి అడవి మీద పడబోయింది. మద్దిచెట్లు వేళ్ళు చాచి పట్టుకున్నాయి. "పడతవే పిల్లా, నిదానం!" అన్నాయి.

కొమ్మ పాతిన చేను కోయకూడదు. జొన్న అక్కడే ఎండి రాలింది, గడ్డి కమ్మేసింది. ఉంగవ్వ ఆ ఏడు అడవిలో గడ్డలు తవ్వుకుని బతికింది. సుఖపడిందేం లేదు. ఏటికి మాత్రం నెమ్మది రుచి తెలిసింది. కొమ్మ లేకపోయినా చేను కనబడితే చాలు, వంగి వెళ్ళేది.

చివరికి ఒక మధ్యాహ్నం ఉంగవ్వ ఆ గడ్డిలో నడుం వాల్చింది. మళ్ళీ లేవలేదు.

అప్పటినుంచే ఏరు వంపులు తిరుగుతుంది. వంపుకి ఒక పక్క గడ్డినేల, ఇంకో పక్క వేళ్ళు బయటపడ్డ చెట్లు. అక్కడికి రాగానే నీళ్ళు చప్పుడు చెయ్యవు. అవ్వ పడుకుంది కదా.